కొమురవ్వ నిలువెత్తు బంగారం

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్లూ ఈ క్షణమే రాలిపోవాలి. నిజం, నూటికి నూట పదిపాళ్లు నిజం.

రెండువేల అరవైలో, హనుమకొండ ఆస్పత్రిలో, కొమురవ్వ బల్లమీద పడుకుని ఉంది. చిన్ననాటి నుంచీ షుగరు. ఇన్సులిన్ సూదులు ఎన్ని పొడిపించుకుందంటే, నీళ్లు తాగితే జల్లెడలోంచి కారినట్టు కారాలి. ఇప్పుడు రొమ్ములో గడ్డ. మామూలు గడ్డా? దానితో గోడకు మేకులు కొట్టొచ్చు! క్యాన్సరేమోనన్న భయంతో వారంగా తిండి లేదు, నిద్ర లేదు. సిటీ బస్సు నడిపే మనిషి, స్టాపులన్నీ దాటించేసి జనంతో తిట్లు తిన్నది.

డాక్టర్ నుస్రత్ తను కనిపెట్టిన మిషను బిళ్లను గడ్డమీద ఆనించింది.

"గిదేం జేస్తది డాక్టరమ్మా?"

"లోపలికి శబ్దం పంపుతుంది. తిరిగొచ్చే చప్పుడు మనకు వినిపిస్తుంది. క్యాన్సరైతే బస్టాండు గోల. మంచి కండైతే వాన చినుకులు."

ఇద్దరూ చెవులు రిక్కించారు. బయట కూర్చున్న భర్త సారయ్య గుండె చప్పుడు కాజీపేట దాకా వినిపించింది. మిషనులోంచి మాత్రం ఠక్, ఠక్. ఎండిన పొయ్యిగోడను తట్టినట్టు.

"నా పనైపోయిందా?" అంది కొమురవ్వ.

"భయం లేదు! ఏళ్ల తరబడి షుగరు ఉంటే కొందరికి రొమ్ములో కండ గట్టిపడి ఇలా గడ్డ కడుతుంది. క్యాన్సర్ కాదు. కోసే పనీ లేదు. షుగరు అదుపులో పెట్టుకుని ఏటా వచ్చి వినిపించి వెళ్లండి."

కొమురవ్వ విడిచిన నిట్టూర్పుకు కిటికీ తెరలు ఊడి వీధిలో పడ్డాయి. సారయ్య లోపలికి ఉరికొచ్చాడు.

"సమ్మక్క తల్లి కాపాడింది! నీ నిలువెత్తు బంగారం మొక్కిన!"

మేడారం జాతరలో బంగారమంటే బెల్లం. మనిషి తూగినంత బెల్లం.

"నువ్వు గూడనా? నేను గూడ మొక్కిన గదయ్యా!"

నుస్రత్ తల పట్టుకుంది. "షుగరు తగ్గించండంటే..."

"మొక్కు మొక్కే డాక్టరమ్మా."

ఆ ఇద్దరితో ఆగిందా! మిషను 'ఠక్' అన్న ప్రతి ఇంటా అదే మొక్కు. జాతర నాటికి జిల్లా మొత్తంలో టీలో వేసుకుందామన్నా బెల్లం పలుకు దొరకలేదు. ప్రసాదం మాత్రం కొండలు కొండలుగా తిరిగొచ్చింది. ఎవరిళ్లకు? షుగరు ఉన్నవాళ్ల ఇళ్లకే! తింటే డాక్టరమ్మ ఊరుకోదు, పారేస్తే అమ్మవారు ఊరుకోదు.

కొమురవ్వ నాలుకకు ఇంత అంటించుకుని, మిగతాది బస్సులో టికెట్టుతోపాటు పంచుతోంది, పంచుతూనే ఉంది. మనింటికే నాలుగు దిమ్మలొచ్చాయి. ఒరే మనవడా, నువ్వింకా కూర్చున్నావేం? లే! ఈ దిమ్మ పట్టుకెళ్లి నుస్రత్‌కు ఇచ్చిరా. ఊళ్లో షుగరు లేనిది ఆమెకొక్కదానికే. దారిలో కొరికావో, నీ పంటిగాట్లు నాకు తెలుసు.