ముప్పావుగంట

పొద్దున్న ఏడున్నర దాటింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా, అత్తగారు కోడలి గది ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

నాలుగు రోజులుగా ఆ పిల్ల కంటి మీద కునుకు లేదు. అదేం ఉద్యోగమో అత్తగారికి సరిగ్గా తెలీదు. ఎక్కడో ఓ పెద్ద నక్షత్రం పేలుతుంది. ఆ గామా కిరణాల మెరుపును ఉపగ్రహం పసిగట్టగానే డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ మోగుతుంది. వెంటనే లేచి, లెక్కలు సరిచూసి, భూమికి అవతలి పక్కనున్న టెలిస్కోపును అటు తిప్పించాలి. మెరుపు క్షణాల్లో పోతుంది. వెనక మిగిలిన కాస్త వెలుగూ గంటల్లో మసకబారుతుంది. ఈ వారం డ్యూటీ కోడలిది.

తలుపు విసురుగా తెరుచుకుంది.

"అత్తయ్యా, నా ఫోనేది?"

"పడుకోవమ్మా. ఇంకో గంట పడుకుంటే కొంపలేం మునిగిపోవు."

"ఫోనేది అత్తయ్యా!"

బీరువాలో చీరల మధ్య ఉంది. తెల్లవారుజామున కోడలికి కాస్త కన్నంటుకోగానే ఆవిడే తీసి, శబ్దం రాకుండా నొక్కి అక్కడ పెట్టింది. కోడలు లాక్కుని చూస్తే, ఆరూ యాభైకే పిలుపు వచ్చి ఉంది. ఇప్పుడు ఏడూ ముప్పై అయిదు.

"మునిగింది అత్తయ్యా, నిజంగానే కొంప మునిగింది! ఏడాది చివరికి నా ఉద్యోగం గడువు అయిపోతుంది. ఒక్క మంచి పేలుడు పట్టుకుంటే పొడిగిస్తామన్నారు. ఎనిమిది నెలలుగా దీని కోసమే కాచుకున్నాను!"

"నాకేం తెలుసు? నిన్న నిలబడే తూలావు. చూస్తూ ఎలా ఊరుకోను?"

"మిమ్మల్నెవరు చూడమన్నారు?"

అత్తగారి మొహం మాడిపోయింది. కానీ ఆవిడ ఏడవలేదు.

"ఆ వెలుగు ఇంకా ఉంటుందా?"

"ఉండొచ్చు. అక్కడ తెల్లారేలోపు."

"మరి నాతో పోట్లాడుతూ నిలబడ్డావేం? తర్వాత తిడుదువుగానీ, ముందు పని చూడు!"

కోడలు కంప్యూటర్ ముందు కూలబడింది. తొందరలో రెండుసార్లు తప్పు అంకెలు కొట్టింది. అత్తగారు నిలబడనూ లేక, కూర్చోనూ లేక గదంతా తిరిగింది. ఎనిమిదిన్నరకి తెర మీద సన్నని చుక్క కనిపించింది. వెంటనే ఆఫీసులో పెద్దాయన ఫోన్ చేశాడు.

"పట్టావు, సంతోషం. కానీ పోయిన ముప్పావుగంట మళ్లీ రాదు. పొడిగింపు సంగతి ఇప్పుడే చెప్పలేను. అసలేమైంది?"

'నా పేరు చెప్పు' అని అత్తగారు గుండె మీద చెయ్యి పెట్టుకుని సైగ చేసింది.

"ఫోన్ ఇంట్లోవాళ్లు తీసి పెట్టారండీ. ఆ ఫోన్ దేనికో మూడేళ్లలో ఒక్కసారి కూడా నేను వాళ్లకి సరిగ్గా చెప్పలేదు. తప్పు నాదే."

కోడలు ఫోన్ పెట్టేసింది.

"చెప్పినా నాకు అర్థం కాదనుకున్నావు కదూ?" అంది అత్తగారు.

"అనుకున్నాను అత్తయ్యా." కోడలికి సిగ్గుతో ఏడుపు తన్నుకొచ్చింది.

"సరే, ఇప్పుడు చెప్పు. అది మోగాక ఎంతసేపట్లో నిన్ను లేపాలి?"

"మోగిన క్షణమే."

"అయితే నువ్వు పడుకో. నేను మేలుకుంటాను."

కోడలు ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని భోరుమంది.