ఫ్లోరెన్స్ గారి ముత్యపు చిప్పలు

నందిగామలో మేడమీద ఉన్న డిటెక్టివ్ మైథిలి ఆఫీసులోకి ఫ్లోరెన్స్ అనే ఆవిడ ఏడుపు ఆపుకుంటూ వచ్చింది. అసిస్టెంటు బెన్ని గబగబా కుర్చీ జరిపాడు.

"మాది పెనుగంచిప్రోలండి. చెరువులో ముత్యాల కోసం ఆల్చిప్పలు పెంచుతున్నా. కొన్నాళ్ళుగా నోళ్ళు తెరుచుకుని చచ్చిపోతున్నాయి. పక్క పొలం భార్గవే పురుగుమందు కలిపాడని మా అన్నయ్య సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి వెళ్తానంటున్నాడు. వాళ్ళిద్దరూ చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళండి! అతను కాకపోతే మా అన్నయ్యని ఆపండి మేడమ్."

మైథిలి టీ పక్కన పెట్టి లేచింది. ఆవిడ టీ వదులుకుందంటే కేసు గట్టిదేనని బెన్ని లెక్క.

పెనుగంచిప్రోలు చేరేసరికి, చెరువులో తాళ్ళకు వల సంచులు వేలాడుతున్నాయి. వాటిలో ఆల్చిప్పలు. తాళ్ళు మునగకుండా పైన ఖాళీ డబ్బాలు కట్టారు. భార్గవ పొలం నీళ్ళు పడే తూము దగ్గర తెల్లటి మంచినీళ్ళ సీసాలు, ఇంటివైపు లేబుళ్ళు గీకేసిన నీలం డబ్బాలు. మైథిలి తూము దగ్గరి సంచి ఎత్తి తట్టింది. చిప్పలు టక్కున మూసుకున్నాయి. ఇంటివైపు సంచిలో చాలావరకు కదల్లేదు.

"చేపలు హాయిగా తిరుగుతున్నాయి మేడమ్. నీళ్ళలో విషముంటే అవి బతుకుతాయా?" అన్నాడు బెన్ని.

మైథిలి ఒక నీలం డబ్బా మూత వాసన చూసి ముఖం చిట్లించింది. "అందర్నీ పిలువు." బెన్నికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అలాంటప్పుడే ఆవిడంటే అతనికి మరీ ఇష్టం.

ఫ్లోరెన్స్, ఆవిడ అన్న ఏలీయా, భార్గవ గట్టు మీదికి వచ్చారు. స్నేహితులిద్దరూ చెరో దిక్కు చూస్తున్నారు.

"మందు భార్గవ పొలంలోంచి వస్తే ముందు తూము దగ్గరివే పోవాలి. అవి బాగున్నాయి. ఈ నీలం డబ్బాలు ఎవరు కట్టారు?" అడిగింది మైథిలి.

"నేనేనండి," అన్నాడు ఏలీయా. "చెల్లెలికి సాయంగా ఉంటుందని మా మిరపచేలో వాడేసిన మందు డబ్బాలు తెచ్చా. బాగా కడిగానండి!"

"ఎంత కడిగినా కొంత మిగులుతుంది. మూతల్లోంచి ఊరుతోంది. చేప పక్కకి తప్పుకుంటుంది, సంచిలో చిప్ప ఎక్కడికి పోతుంది? రోజంతా ఆ నీళ్ళే వడగట్టుకుంటుంది. అంత కొంచెం మందు దాన్ని చంపదు. దాని రక్తంలో రోగాలతో పోరాడే కణాల్ని నీరసపరుస్తుంది. ఆ తర్వాత మామూలు క్రిమి చాలు."

ఏలీయా ముఖం పాలిపోయింది.

"తెల్ల సీసాలు భార్గవ తెచ్చి కట్టినవే అన్నయ్యా. చెప్పబోతే విన్నావా?" అంది ఫ్లోరెన్స్.

ఏలీయా నీళ్ళలోకి దిగి నీలం డబ్బాల తాడు పట్టుకున్నాడు. కన్నీళ్ళకి ముడి కనబడలేదు. భార్గవ లుంగీ ఎగ్గట్టి తనూ దిగాడు.

"జరగరా. నీకు ముడి విప్పడం ఎప్పుడొచ్చింది గనక?"

"నిన్ను స్టేషన్‌కి లాగుదామనుకున్నా కదరా..."

"సాయంత్రం వెళ్దాంలే. ముందు చెల్లెలి చిప్పల సంగతి చూడు."