మేకల సంతలో బైసెక్షన్

మీట నొక్కిన సెకనులోపే యంత్రం పలకమీద అంకె వెలిగింది: 9,340. మేకని కొనడానికొచ్చిన పంచె పెద్దాయన జడుసుకున్నాడు.

"బేరమాడకుండానే రేటు తేలిపోయిందా? ఇందులో ఏదో కిరికిరి ఉంది" అని చక్కా పోయాడు.

మీట నొక్కిన సుంకులమ్మ ఉసూరుమంది. ఇది ఇంకో ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి సుమా! గుట్టపాడు సంతలో పాతికేళ్లు మేకల బేరాలు కుదిర్చిన మనిషామె. దళారులు వద్దని సర్కారు ఈ ధరల యంత్రాన్ని దింపినప్పుడు, ఆమె పొట్టకొట్టడం ఎందుకని ఆరునెలలు ప్రోగ్రామింగ్ నేర్పించి ఆపరేటర్‌ని చేశారు. ఒకటే షరతు: ఆమె నోరెత్తి బేరం చెప్పకూడదు. పోయిన రెండు సంతల్లో ఒక్క మేకా అమ్ముడుపోలేదు. ఇవాళ సాయంత్రంలోపు పది అమ్ముడుపోకపోతే యంత్రం గోడౌనుకి, ఆమె ఇంటికి.

యంత్రం తయారుచేసిన డాక్టర్ హిమజ తల పట్టుకుంది. "తప్పెక్కడుంది సుంకులమ్మగారూ? అందరూ మనసులో ఉన్న ధర రహస్యంగా నొక్కుతారు. ప్రోగ్రాం ఒక ధర ఊహిస్తుంది. ఆ ధరకి కొనేవాళ్లెక్కువైతే పెంచుతుంది, ఎవరూ లేకపోతే తగ్గిస్తుంది. తేడాని సగానికి సగం కోసుకుంటూ రూపాయి దాకా వస్తుంది. బైసెక్షన్ అంటే అంతే కదా!"

"అంతే మేడం. మేమూ అదే చేసేవాళ్లం. కాకపోతే మీరు లోపల చేస్తున్నారు, మేం నలుగురి ముందూ చేసేవాళ్లం."

సుంకులమ్మ కూర్చుని లూప్‌లో రెండు లైన్లు కలిపింది. ప్రతి ఊహనూ పలకమీద ప్రింట్ చెయ్యమని ఒకటి, ఊహకీ ఊహకీ మధ్య రెండు నిమిషాలు ఆగమని ఇంకోటి.

అంతే, సంత లేచి కూర్చుంది! 16,000 పడగానే "నీ ఇల్లు బంగారం గానూ, మేకనా ఏనుగునా?" అని కొనేవాళ్లు. 8,000 పడగానే "తోలుకైనా రాదయ్యా!" అని అమ్మేవాళ్లు. టీ కొట్టు మస్తాన్‌కి ఊపిరాడలేదు. అరగంటకి తేలింది పొద్దుటి 9,340యే. "ఎలా దించానో చూశావా?" అని మీసం దువ్వుకుంటూ ఆ పంచె పెద్దాయనే కొనుక్కుపోయాడు.

సాయంత్రానికి తొమ్మిది అమ్ముడుపోయాయి. మిగిలింది మద్దిలేటి తోలుకొచ్చిన చుక్కల మేకపిల్ల. జనం పలచబడుతున్నారు. మార్కెట్ అధికారి జయపాల్ గడియారం చూసుకున్నాడు. హిమజకి ఆ పిల్ల ముద్దొచ్చి, తనూ బేరంలో దిగింది. పలక 4,200 దగ్గర ఆగింది.

"నాలుగువేల రెండొందలా? ఈ పిడికెడు పిల్లకా? నాకొద్దు!" అంది హిమజ.

తన ప్రోగ్రాం, తన లెక్క, తను నొక్కిన అంకె! అయినా సరే, కొంగు దోపుకుని నాలుగడుగులు వేసేసింది. ఐదోది మెల్లగా వేసింది. ఆరోది మరీ మెల్లగా.

సుంకులమ్మకి తెలియని నడకా అది? వెనక్కి పిలుస్తారని వేసే నడక. యంత్రం పిలవదు, దానికెవరూ నేర్పలేదు. తను నోరెత్తితే ఉద్యోగం పోతుంది. ఎత్తకపోయినా పోతుంది.

"ఓ మేడం! రాండి వెనక్కి! నాలుగువేల నూటయాభైకి ఇప్పిస్తా!"

హిమజ గిరుక్కున తిరిగింది. మద్దిలేటి సరేనన్నాడు. జయపాల్ రిపోర్టు రాసుకుని జీపెక్కాడు. సుంకులమ్మకి ఆ నెలంతా అన్నం సయించలేదు.

నెలాఖరుకి ఉత్తర్వు వచ్చింది. జిల్లాలోని నలభై సంతల్లోనూ యంత్రాలు పెట్టాలి. అలిగి వెళ్లేవాళ్లను వెనక్కి పిలవడానికి ప్రతి యంత్రం పక్కనా అనుభవం గల దళారిని నెలజీతం మీద తప్పనిసరిగా నియమించాలి.

ఇంటర్వ్యూలు చేసే బాధ్యత డాక్టర్ హిమజ మీదే పడింది. ఆవిడ ఒక్కొక్కర్నీ అడిగే ప్రశ్న ఒకటే.

"ఎన్నో అడుగుకి పిలుస్తారు?"