నూకరత్నం కూర్పు

నవీకరణ మళ్ళీ సగంలోనే చతికిలబడింది. సంస్థ పంపిన సలోమి తన చేతిపలకను నూకరత్నం ఇంటి కంప్యూటరుకు తగిలించి, పాత కూర్పుల తాళాలు విప్పి, సంస్థ సాఫ్ట్‌వేరంతా దాచే మూలాగారం నుంచి కూర్పులన్నీ కొత్తగా తెప్పించింది. పొద్దుటి నుంచి ఉప్పాడ కరకట్ట మీది ఇళ్ళన్నింటిలో ఇదే పని. ఏ కంప్యూటరూ ఇంత మొండికెయ్యలేదు. "విరుద్ధ కూర్పు ఉంది. తొలగించాలా?" అని తెర అడిగింది.

"తీసేత్తే బాగైపోద్దామ్మా?" అంది నూకరత్నం.

మంచం మీద ఆమె భర్త పోలారావు కదిలాడు. పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఆయన మాట ముద్దైపోయింది. ఇప్పుడూ ఏదో అన్నాడు గానీ సలోమికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కంప్యూటరు మాత్రం తడుముకోకుండా, "గాలి మళ్ళిందట, కిటికీ వెయ్యమంటున్నారు," అంది.

సలోమి వేలు తెర మీదే ఆగిపోయింది. ఇలాంటి గొంతును మాట కింద జమకట్టే యంత్రాన్ని ఆమె ఎక్కడా చూడలేదు, పెద్దాసుపత్రిలో కూడా. గబగబా ఆ విరుద్ధ కూర్పును తెరిచింది. మూలాగారంలో అలాంటిది లేనే లేదు. దాన్ని ఈ కంప్యూటరే సొంతంగా రాసుకుంది. కర్త పేరు ఉండాల్సిన చోట మాత్రం 'నూకరత్నం గారు' అని పెట్టుకుంది.

"దీనికి మీరేం నేర్పారమ్మా?"

"నాకు సదువే రాదు, నేనేం నేర్పుతాను? తప్పు సెప్పినప్పుడల్లా తిట్టేదాన్ని. ఆయన నీళ్ళడిగితే లైటేత్తావేంటే మొద్దుదానా, అనీ! నేను సేపలమ్మడానికి ఎల్తే ఆయనకి అదే దిక్కమ్మా."

ఆ తిట్లన్నీ పోగేసుకుని, ఆ మొద్దుది ఒక మనిషి విరిగిన పలుకు మొత్తాన్నీ అర్థం చేసుకుంది. ఇంత గొప్ప పనిని సలోమి తన జన్మలో చూడలేదు, విరుద్ధమైనది ఏది కనబడినా చెరిపెయ్యమని సంస్థ ఆదేశం!

తొలగిస్తే పోలారావు మాట పోతుంది. ఉంచితే నవీకరణ పూర్తికాదు, పొద్దుగూకేలోగా కంప్యూటరును ఇంటర్నెట్టు వల నుంచి తెంచేస్తారు, ఆయన గుండెను కనిపెట్టి ఉండే వైద్యకేంద్రంతో లంకె కూడా దాంతోపాటే పోతుంది. మూలాగారంలో చేర్చిన కూర్పయితే విరుద్ధం కాదు. కానీ చేర్చాలంటే, అది మనిషి రాసిందేనని ఒకరి వేలిముద్ర కావాలి. యంత్రం రాసినదానికి ముద్ర వేస్తే ఉద్యోగం ఊడుతుంది.

సలోమి బొటనవేలు తెరకు ఆనించి ముద్ర వేసేసింది.

నవీకరణ చకచకా పూర్తయింది. వెంటనే చేతిపలకలో పై అధికారి వరదరాజు గొంతు ఖంగుమంది.

"ఏం చేశారు సలోమీ? తీరమంతా నవీకరణలు ఆగిపోయాయి! వెనక్కి తీసెయ్యండి."

పలకలోని తీరం పటం మీద ఆకుపచ్చగా ఉన్న చుక్కలు ఒక్కొక్కటే పసుపుకు తిరుగుతున్నాయి. ఎవరూ ఏమీ నొక్కలేదు. ఆ ఇళ్ళలోని కంప్యూటర్లు తమంతట తామే పని ఆపేసి, మూలాగారంలో కొత్తగా చేరిన నూకరత్నం కూర్పు కావాలంటున్నాయి. అవసరం లేని కూర్పును ఏ యంత్రమూ అడగదు.

"నేను తియ్యనండి," అంది సలోమి.

నూకరత్నం పలక మీదికి వంగింది. "ఈ సుక్కలేంటమ్మా?"

"ఇళ్ళమ్మా. ఒక్కో ఇంట్లో మీ ఆయనలాంటి మనిషి ఉన్నారు."

కాకినాడ దాటి, అంతర్వేది దాటి పసుపు పాకుతూనే ఉంది. నూకరత్నం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ చుక్కల్నే చూసింది.

"ఇంతమంది మాటాడతంటే," అంది, "ఇన్నాళ్ళూ ఎవరికీ ఇనపళ్ళేదేంటమ్మా?"