తిమ్మక్క వాటా

చేతిలో నలభై ఒక్క వేల రూపాయలు ఉండగా, ఒకప్పుడు పొద్దుగూకితే చింతామణి ఊళ్ళో ఎవరూ అడుగుపెట్టని చోటికి, పొద్దుగూకాకే బయల్దేరాడు దేవరాజ్.

ఆ చోటును తిమ్మక్క షెడ్డు అంటారు. ఒకప్పుడు అందులో పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసేవాళ్ళు. తిమ్మక్క అనే ఆమె ఒక రాత్రి ఒంటరిగా పొయ్యి ముందు కూర్చుందట. తెల్లారి వచ్చినవాళ్ళకు పొయ్యి చల్లారిపోయి కనిపించింది. పైన తొట్టిలో నీళ్ళు మాత్రం ఇంకా మరుగుతున్నాయి... తిమ్మక్క లేదు. ఆ తర్వాత కూడా యాడా కనిపించలేదు.

అప్పటి నుంచి ఆ షెడ్డు వెనకాల ఉడికింది ఏది పెట్టినా తెల్లారేసరికి ఉండదని చెప్తారు. ఎవరో పెళ్ళివాళ్ళు అన్నం గుండిగ మరిచిపోతే, పొద్దునకు అది తోమి బోర్లించి ఉందట.

"తోమి పెట్టే దెయ్యమా! మా ఇంటికి రమ్మను, మాయమ్మకు పని తగ్గుతాది" అని నవ్వేవాడు దేవరాజ్.

ఇప్పుడు షెడ్డు చుట్టూ కొత్త లేఅవుట్ లేచింది. ఎనిమిది నెలల కిందట షెడ్డులోనే ఒక బ్రూపబ్ తెరిచారు. బీరు అక్కడే కాచి, అక్కడే పోస్తారు. యజమాని సుధన్వ. తాత ఈ ఊళ్ళోనే పిల్లలకు వేదం చెప్పిన మనిషి. మనవడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని వదిలేసి, గడ్డం పెంచి, బీరు కాచడానికి తిరిగొచ్చాడు.

దేవరాజ్‌కు కావలసింది బీరు కాదు. కాచాక మిగిలే బార్లీ పిప్పి. ఆవులు దాన్ని బూసా కంటే ఇష్టంగా తింటాయి. వాళ్ళ ఊరు బట్లహళ్ళిలో పదకొండు ఇళ్ళవాళ్ళు కిలో ఐదు రూపాయలకు తీసుకుంటామన్నారు. రేపు పొద్దున చేతిలోని డబ్బంతా కడితే పాత గూడ్స్ ఆటో ఒకటి వస్తుంది. పిప్పి దొరక్కపోతే ఆటో ఎందుకు? ఆటో లేకపోతే మామ చూసిపెట్టిన గోడౌన్ ఉద్యోగమే గతి. బెంగళూరులో, కిటికీ లేని గదిలో, ఇంకొకడి మూటలకు కాపలా.

లోపల దీపాలు ఎంత మసకగా ఉన్నాయంటే, ధరలు కనిపించకూడదనే పెట్టినట్టున్నాయి. దేవరాజ్ కళ్ళు చికిలించి చదివాడు. "తిమ్మక్క స్టౌట్: నల్లగా, చల్లగా, వెన్నులో వణుకుగా." తినడానికి "మిల్లెట్ బైట్స్".

ఆ బీరూ, ఆ తిండీ రెండూ తెప్పించాడు. గోలీకాయంత రాగిముద్దలు నాలుగు వచ్చాయి, ఒక్కోదాని నెత్తిన ఒక్కో కొత్తిమీర ఆకుతో. మూడొందల ఇరవై. ముద్ద ఎనభై! ఇంట్లో అమ్మ పెట్టే ముద్దలో ఇట్లాంటివి నలభై ఉంటాయి. అంటే అమ్మ పూటపూటా మూడు వేల రెండొందల ముద్ద పెడుతూ ఉంటే, తాను ఉప్పు తక్కువైందని అలిగిపోతున్నాడు.

బీరు ఒక గుక్క తాగాడు. మాడిన బెల్లం గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. పక్క బల్ల దగ్గర ఒకాయన మాత్రం గ్లాసును ముక్కుకు ఆనించి, కళ్ళు మూసుకొని, "కాఫీ... చాక్లెట్... వెనకాల కొంచెం పొగ..." అంటున్నాడు. ఆ వాసనలు నిజంగా కావాలంటే మూడూ విడివిడిగా నలభై రూపాయలకు దొరుకుతాయి.

సుధన్వ బల్లల మధ్య తిరుగుతూ వచ్చాడు. దేవరాజ్ లేచి నిలబడ్డాడు.

"సార్, మీ పిప్పి ఏం చేస్తాండారు?"

"మేమేం చెయ్యం బ్రో. తిమ్మక్క చూసుకుంటుంది." పక్క బల్ల వాళ్ళు నవ్వారు. "సాయంత్రం మూడొందల కిలోలు వెనకాల పోస్తాం. పొద్దునకు ఉండదు. మొదట్లో నాకూ గుండె జారింది. తర్వాత ఆమె పేరే బీరుకు పెట్టా... సేల్స్ డబుల్!"

"ఎవురో ఎత్తుకోని పోతాండారు సార్."

"గేటుకు తాళం. తాళంచెవి నా జేబులో." సుధన్వ గొంతు తగ్గించాడు. "బెంగళూరు దాణా కంపెనీ ఒకటి కిలో మూడు ఇస్తానంది. ఒక సాయంత్రం వాళ్ళ మనుషులు లారీతో వచ్చారు. పది నిమిషాల్లో పారలు, చెప్పులు అన్నీ వదిలేసి పోయారు. ఆవిరిలో వంగిన ఆడమనిషి అంట. మళ్ళీ రాలేదు."

"చెప్పులు వదిలేసి పోయినారా! వాళ్ళకు లారీ ఎవురిచ్చినారు సార్?" దేవరాజ్ ఫోను తీశాడు. "నేను ఇప్పుడే పోతా. వీడియో తీసుకొస్తా. దెయ్యం లేదని చూపిస్తే పిప్పి నాకిస్తారా?"

"నెల రోజులు ఫ్రీ బ్రో! ఆ తర్వాత చూద్దాం."

చప్పట్లు మోగాయి. బీరులో పొగ వాసన పట్టిన ఆయన "లైవ్ పెట్టప్పా, లైవ్!" అని అరిచాడు. గ్లాసులు మోస్తున్న రక్షిత అనే పిల్ల మాత్రం పక్కగా పోతూ గొణిగింది. "పోవద్దన్నా... మేమెవ్వరం ఆ తలుపు తియ్యం."

దేవరాజ్ తీశాడు.

బయట సన్నగా తుంపర. చీకటి. తలుపు వెనకాల మూసుకోగానే లోపలి పాట తెగిపోయింది.

గుడ... గుడ... గుడ...

ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు. ఎడమ పక్క గోడలోంచి.

ఫోను లైటు వేసి, వీడియో మొదలుపెట్టాడు. గోడలోంచి ఒక గొట్టం వచ్చి బకెట్ నీళ్ళలో మునిగి ఉంది. లోపల పులుస్తున్న బీరు గాలి, బుడగలై పైకి తేలుతోంది. దేవరాజ్ నవ్వుకున్నాడు. లారీ వీరులను తరిమింది ఒక బకెట్!

ఇంకో నాలుగడుగులు. ముందర ఛాతీ ఎత్తు కుప్ప. దాని మీద తెల్లటి ఆవిరి నిలువుగా లేచి, గాలికి వంగి, మళ్ళీ నిలబడుతోంది. చెయ్యి పెట్టి చూశాడు. వేడి. తడి పిప్పి, చలి రాత్రి... ఆవిరి రాక ఇంకేం వస్తుంది? తిమ్మక్క కథ మొత్తం చెయ్యి కాలేంత వేడిలో తేలిపోయింది.

అప్పుడు ఆవిరి కదిలింది.

వంగిన వీపు. మొనదేలి కూచిగా లేచిన తల. రెండు చేతులు కుప్పలోకి పోతున్నాయి... వస్తున్నాయి...

దేవరాజ్ నోరు తెరిచాడు. లైటు అటు తిప్పాడు.

"లైటు ఆర్పప్పా! కండ్లు పోతాండాయి!"

అని, దెయ్యం దగ్గింది.

"ఎ... ఎవురు?"

"లక్ష్మీనరసమ్మని. ఈ గోడెనకాల మునివెంకటప్ప పెండ్లాన్ని. రెండావులుండాయి, ఒగ ఎనుముండాది." తుంపరకు తలమీద యూరియా సంచి కప్పుకుంది. అదే కూచి తల. "నువ్వెవురి కొడుకువి? ఏంటికట్ల వణుకుతాండావు?"

"చలికి." దేవరాజ్ ఊపిరి పీల్చుకున్నాడు. "లారీ వాళ్ళను తరిమింది నువ్వేనా అమ్మా?"

"నేనేం తరిమినా? నడుము పట్టుకునింది, 'అయ్యో' అన్నా. అంతే. మొగోళ్ళంతా గేటెక్కి దూకినారు."

దేవరాజ్‌కు ఇప్పుడు నిజంగా నవ్వొచ్చింది. "అయిపోయింది నీ కత. అంతా వీడియోలో ఉండాది. లోపల చూపించినానంటే నెల రోజులు పిప్పి ఊరికే నాది."

"చూపించు, చూపించు." లక్ష్మీనరసమ్మ సంచి మూతి బిగిస్తూనే ఉంది. "దెయ్యం లేదని తెలిస్తే రేప్పొద్దుగూకేలకు లారీ వస్తాది. దుడ్లిచ్చేటోడు నిలబడుంటే, నీ మొగం చూసి ఆ షెడ్డాయన ఊరికే ఎన్నాళ్ళిస్తాడు సామీ? నెల. ఆమీట నువ్వు యాడుంటావు, నేను యాడుంటా?"

దేవరాజ్ నవ్వు ఆగింది.

పదకొండు ఇళ్ళు, ఐదు రూపాయలు, ఆటో, డీజిల్, టైరు... అన్నీ లెక్కలో వేసుకున్నాడు. ఆ లెక్కంతా ఒక దెయ్యం నెత్తిమీద నిలబడి ఉందని మాత్రం వేసుకోలేదు. దెయ్యం ఉన్నంతకాలమే పిప్పి అగ్గువ. దెయ్యం పోతే పిప్పి కంపెనీది, గోడౌన్ తనది.

వీడియోను తుడిచేశాడు, ఒక్కసారి కూడా చూసుకోకుండా.

"అమ్మా, నీ సంచులు నీకే. లోపలికి పోయి, దెయ్యముండాదని చెప్తా. ఊర్లో తాయెత్తు కట్టించుకున్నా, నేనొక్కడినే ఎత్తగలనంటా. ఊరికే ఎత్తి, చోటు కడిగి పెడతానంటే వద్దంటాడా? వాళ్ళు గోలీకాయలకు ఎనభై ఇచ్చే జనం. ఏం చెప్పినా నమ్ముతారు."

"బతుకుతావులే." ఆమె సంచులు మోపెడ్ మీద వేసుకుని, గోడకు ఉన్న సందు వైపు నెట్టింది. "సాయం పట్టు."

పట్టాడు. సందు చాలా ఇరుకు. గోడ సంచులను రాసింది.

"రోజూ ఎన్నెత్తుకుంటావమ్మా?"

"రెండే. ఇంతకన్నా యాడ పడతాది?"

"రెండంటే ఎనభై కిలోలు... మిగతాది?"

లక్ష్మీనరసమ్మ గోడ అవతల ఆగింది. "మిగతాది నువ్వు కాదా?"

"నేనీ పొద్దే కదా వచ్చింది!"



"నేను పోయినంక నీ మాదిరి ఎవురో వస్తాండారనుకునింటినే..." ఆమె గొంతు గుసగుసగా వచ్చింది. "అప్పుడప్పుడు, పోతా ఉంటే, ఎనకాల గంపకెత్తే సద్దు వినపడతాది. మనకేల అని తిరిగి చూసేదాన్ని కాదప్పా."

మోపెడ్ కదిలింది. చప్పుడు దూరమై, ఆగిపోయింది.

రెండొందల ఇరవై కిలోలు. గేటుకు తాళం. సందులో రెండు సంచులు పట్టడమే కష్టం. తెల్లారేలోపు దాన్నంతా ఎవరు, దేంట్లో, ఎట్లా... దేవరాజ్ మూడు రకాలుగా లెక్క వేశాడు. మూడు రకాలుగానూ కుదరలేదు.

ఛప్.

ఎడమ పక్క బకెట్ కాదు. కుడి పక్క. కుప్ప నుంచి.

ఛప్... ఛప్...

అరచేతులతో తడి పిప్పి తోడుతున్న చప్పుడు. తొందరలేని చేతులు. బార్లీ తీపి వాసన పోయి, ఇంకో వాసన ముక్కుకు తగిలింది. ఉడికిన పట్టుపురుగుల వాసన. ఆ సీమలో పుట్టినవాడికి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

దేవరాజ్ వెనక్కి తిరగలేదు. కాళ్ళు పరుగుకు సిద్ధంగా ఉన్నాయి. తలుపు పదడుగుల్లో ఉంది. అయితే తలుపు అవతల సుధన్వ ఉన్నాడు, సుధన్వ అవతల కిటికీ లేని గోడౌన్ ఉంది.

రెండొందల ఇరవైలో యాభై వదిలితే నూట డెబ్బై. కిలో ఐదు లెక్కన వేస్తే ఎనిమిదొందల యాభై. డీజిల్ పోయినా గిట్టుతుంది. వంద వదిలినా... గిట్టుతుంది, పీకల మీద.

గొంతు సవరించుకున్నాడు. పుట్టి ఇన్నేళ్ళలో ఎవరినీ అడగనంత మర్యాదగా అడిగాడు.

"తిమ్మక్కా... మీ వాటా ఎంత కావల్లమ్మా?"

చప్పుడు ఆగింది.

ఎవరో వింటున్నట్టు... ఆలోచిస్తున్నట్టు...

దేవరాజ్ ఫోను లైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. అబద్ధం సుధన్వకు తర్వాత చెప్పొచ్చు, ముందు ఈ బేరం తెగాలి. కుప్ప వైపు తిరగడానికి కుడికాలు ఎత్తాడు.