పుట్టిన తేదీ పక్కన గీత

ఆ డీటీపీ సెంటర్లో ఆపరేటరుగా చేసే ఆమెకి నగల కన్నా ఫాంట్ల మీదే మోజెక్కువని భర్త ఆటపట్టించేవాడు. కొత్త ఫాంటు కంప్యూటర్లోకి ఎక్కించగానే ముందు కూతురి పేరు కొట్టి చూసుకునేది. అంకెల పొందిక కూడా తెలియాలి కనక, పేరు కింద పాప పుట్టిన తేదీ. ఏళ్ళ తరబడి అదే అలవాటు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. ఓనరు ఎప్పటిలాగే పెందలాడే జారుకున్నాడు. వెనక గది గోడకున్న క్యాలెండరులో రోజుకో కాగితం చింపడానికి కూడా బద్ధకమే ఆయనకి. అది ఇంకా పోయిన వారం దగ్గరే ఆగిపోయి ఉంది. దాని కిందే, కాగితపు కట్టల మధ్య కూర్చుని ఆమె కూతురు బుజ్జి బొమ్మలు వేసుకుంటోంది.

తడిసి ముద్దయిన ఒక కుర్రాడు లోపలికి వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చాడు.

"మా తాత సమాధి రాళ్ళు చెక్కేవాడక్కా. ఆయన అక్షరాలు ఫొటోలు తీయించి ఫాంటు చేయించాను. ఆయన సంస్మరణ కార్డు ఇందులోనే కావాలి."

"చివరిదాకా పని చేశాడా బాబూ?"

"చేస్తూనే పోయాడు. ఎవరిదో రాయి మీద పేరు, పుట్టిన తేదీ చెక్కాడు. పోయిన తేదీ ఒక్కటీ మిగిలిపోయింది. పని సగంలో వదలడమంటే ఆయనకి ప్రాణం పోయినట్టే ఉండేది."

రేపు వస్తానని అతను వెళ్ళిపోయాడు. ఆమె ఫాంటు ఇన్‌స్టాల్ చేసి, అలవాటుగా కూతురి పేరు కొట్టింది. కింద పుట్టిన తేదీ. అక్షరాలు తెర మీద కాకుండా తెర లోపలికి దిగినట్టున్నాయి. బావున్నాయనే అనుకుంది.

తడి రాతిపొడి వాసన వచ్చింది. వాన వల్లే అనుకుంది.

అప్పుడు చూసింది. తేదీ పక్కన చిన్న అడ్డగీత. దాని తర్వాత ఖాళీ. తను కొట్టలేదు. చెరిపేసింది... మళ్ళీ వచ్చింది.

టక్... టక్...

చూరు నీళ్ళేమో. కాదు. అన్నీ మూసేసి, ఫాంటు తీసేయబోయింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. 'ఈ ఫాంటు వాడకంలో ఉంది. తొలగించడం కుదరదు.'

ఎవరు వాడుతున్నారు?

ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. చప్పుడు మాత్రం ఆగలేదు. అది కంప్యూటర్లోంచి రావడం లేదు... వెనక గదిలోంచి.

"బుజ్జీ..." అని పిలిచింది.

చప్పుడు ఆగింది. కర్టెను తప్పించుకుని బుజ్జి బయటికి వచ్చింది. జుట్టు నిండా తెల్లటి పొడి.

"ఎవరితో ఉన్నావే లోపల?"

"తాతతో."

"ఏ తాత?"

"ఉలి తాత. గోడ మీద నా పేరు ఎంత బాగా చెక్కాడో. ఇంకొక్కటే మిగిలిందంట. ఇవాళ తేదీ ఎంతని అడిగాడు."

ఆమె పాపని దగ్గరికి లాక్కుని చెవిలో గుసగుసగా అడిగింది. "చెప్పావా?"

"లేదమ్మా. క్యాలెండరులో ఉన్నది చెప్పబోయి ఆగిపోయా. అది పాతదని నువ్వే అన్నావుగా. తాతకి అదే చెప్పా, ఓనరంకుల్ వారం నుంచి కాగితాలు చింపలేదని."

ఆమె బుజ్జిని చంకనేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి పరుగెత్తింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి వినిపించింది. కాగితం చిరిగిన చప్పుడు. తర్వాత ఇంకొకటి... ఇంకొకటి...

ఆగింది.

టక్.