ఎర్ర వైన్‌లో తెల్లపొడి

కోడలే మామగారి వైన్‌లో మందు కలిపిందని హోటల్లో పక్కగది పెద్దావిడ చెప్పిందట. ఆవిడకు బస్సు డ్రైవరు చెప్పాడట. డ్రైవరుకు తెలుగు రాదు, పెద్దావిడకు అతని భాష రాదు. అయినా కథ మాత్రం పొల్లుపోకుండా అందింది. దాన్ని గదిలోకి మోసుకొచ్చినవాడు అమీనుగారి బావమరిది.

"నువ్వు అక్కడే ఉన్నావుగా, చూశావా?" అన్నారు అమీనుగారు.

"లేదు బావా. మూడోరకం వైన్ రుచి చూస్తున్నా."

"బాగుంది. ఇల్లు కాలుతుంటే చుట్ట ముట్టించుకున్నట్టు."

ముప్పై ఏళ్లు కోర్టు అమీనుగా సమన్లు, జప్తు నోటీసులు పట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి ఆయన. ఉద్యోగం విడిచి డిటెక్టివ్‌గా మారినా పాత పేరు వదల్లేదు. ఈ విదేశీ యాత్రలో మోకాలు నొప్పెట్టి ఆరోజు గదిలోనే ఉండిపోయారు.

తలుపు తట్టి లోపలికొచ్చిన అమ్మాయి ఆ కోడలే. కొంగు చివర మెలిపెట్టి మెలిపెట్టి తాడు చేసేసింది.

"బాబాయిగారూ, అయిదింటికి పోలీసాయన వస్తాడు. నన్ను తీసుకుపోతాడు. ఈ దేశంలో నాకెవరున్నారు?"

"కూర్చో అమ్మా. పొద్దున్నుంచి జరిగింది చెప్పు."

భర్త పోయి రెండేళ్లు. మామగారి ప్రింటింగ్ ప్రెస్‌ను నడిపిస్తున్నది ఆమే. మామ, ఆయన తమ్ముడు చిన్నమామ, తను ముగ్గురూ ఈ యాత్రకొచ్చారు. పొద్దున సముద్రం పక్క రోడ్డు మీద వెళ్లి లైట్‌హౌస్ చూశారు. అక్కడ రాళ్ల మీద కూర్చుని టీ తాగారు. ఆ తర్వాత వైన్ తయారుచేసే నేలమాళిగకు వెళ్లారు. ఎప్పుడూ మందు ముట్టని మామగారు "ఇవాళ నేనూ రుచి చూస్తా" అని బస్సంతా వినేలా చెప్పాడు. ఆమే గ్లాసందించింది. అరగంటకు ఆయన కుర్చీలోంచి జారిపోయాడు. నిద్రమాత్రలని డాక్టరు తేల్చాడు. తెల్లారేదాకా ఏ మాటా చెప్పలేనన్నాడు.

"మాత్రలు నావే బాబాయిగారూ. ఆయన పోయాక నిద్రపట్టక వాడుతున్నా. సీసాలో ఎనిమిది తగ్గాయి. సంచి బస్సులో వదిలి లైట్‌హౌస్ ఎక్కా."

"టీ ఎవరు పోశారు?"

"చిన్నమామయ్య. మా ఇద్దరికీ పెద్ద ఫ్లాస్కు. మామయ్యకు షుగరు కదా, ఆయనకు వేరే చిన్నది."

అమీనుగారు మోకాలికి గుడ్డ బిగించుకుని లేచారు. కింద బస్సు ఎక్కి సీట్ల మధ్య వంగి చూశారు. పెద్ద ఫ్లాస్కు అడుగున టీపొడి మడ్డి అలాగే ఉంది. చిన్న ఫ్లాస్కు మాత్రం తళతళలాడుతూ బోర్లించి ఉంది.

"యాత్ర మధ్యలో ఒక్క ఫ్లాస్కే ఎందుకు కడిగారంటావు?" అన్నారు.

బావమరిది తల గోక్కున్నాడు. "శుభ్రమైన మనిషేమో!"

అదే బస్సులో నేలమాళిగకు వెళ్లారు. లోపల చల్లగా, పులిసిన ద్రాక్ష వాసన. వరసగా పీపాలు, పొడవాటి బల్ల, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో చిన్న బకెట్టు. యజమానురాలు చెప్పేది యాత్ర గైడు తెలుగులో చెప్పాడు: వైన్ నోట్లో తిప్పి, రుచి చూసి, బకెట్టులో ఉమ్మాలి. అది ఇక్కడి పద్ధతి.

"మావాళ్లు ఉమ్మారా?"

గైడు నవ్వు ఆపుకున్నాడు. "డబ్బు కట్టింది ఉమ్మడానికా అని అందరూ మింగేశారు సార్. పెద్దాయనొక్కడే ప్రతి గుక్కా ఉమ్మాడు. తాగనని చనిపోయిన భార్యకు మాటిచ్చాడట."

అయిదింటికి పోలీసాయన అక్కడికే వచ్చాడు. అమీనుగారు అందరినీ ఆ బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. కోడలు గోడవారగా నిలబడింది. పోలీసులు సీలు వేసిన సంచీలో, అడుగున తెల్లపొడి అంటిన పెద్దాయన గ్లాసు బల్ల మీదుంది.

"చిన్నాయనగారూ, మీ అన్నగారు పడ్డప్పుడు మీరెక్కడున్నారు?"

"బయట సముద్రం ఫొటోలు తీస్తున్నా. కేక విని పరిగెత్తుకొచ్చా. తల ఎత్తి పట్టుకుని గ్లాసు పక్కకు జరిపా. గ్లాసు ఖాళీ. మొత్తం తాగేశాడు పాపం."

"తాగలేదు." అమీనుగారు పెద్దాయన బకెట్టు ముందుకు లాగారు. సగానికి పైగా ఎర్రగా ఉంది. పక్కవన్నీ పొడిగా ఉన్నాయి. "ఒక్క గుక్కా లోపలికి పోలేదు. మీరు బయటున్నారు గనక మీకు తెలీదు."

చిన్నాయన బకెట్టులోకి తొంగిచూశాడు.

"ఇక గ్లాసు చూడండి. మాత్రల పొడి ముందే కలిపి ఉంటే ఎర్ర వైన్ పడి ఎర్రబడేది. ఇది గాజుకంటుకుని తెల్లగా ఉంది. అంటే వైన్ అయిపోయాక చల్లింది. ఆ తర్వాత ఆ గ్లాసు పట్టుకున్నది మీరొక్కరే. అసలు మందు లైట్‌హౌస్ దగ్గర షుగర్ లేని టీలో పోయింది. ఫ్లాస్కు కడిగారు సరే. మూతలోపలి రబ్బరు విప్పి కడిగారా?"

చిన్నాయన ఫ్లాస్కు వైపు చూశాడు, పోలీసాయన వైపు చూశాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"అన్నయ్య చావాలని కాదు. ఒట్టు. ఈ రాత్రి భోజనాల దగ్గర ప్రెస్ ఈవిడ పేర రాస్తానని చెప్పబోతున్నాడు. నలభై ఏళ్లు ఆ మిషన్ల మధ్య సిరా పూసుకుంది నేను! ఒక్కపూట నిద్రపోతే, ఈవిడ మీద నమ్మకం పోతే చాలనుకున్నా. అందుకే ఈవిడే కలిపిందని అందరికీ చెప్పా..."

గైడు చెబుతుంటే పోలీసాయన రాసుకుని లేచాడు.

చిన్నాయన కోడలి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, పరాయిదేశం. నలుగురిలో మన ఇంటి పరువు తీయకు. పొరపాటున జరిగిందని ఒక్కమాట చెప్పు తల్లీ."

ఆమె కొంగు వదిలింది.

"మధ్యాహ్నం నుంచి ఇదే నలుగురిలో నేనే మామయ్యను చంపబోయానన్నావు చిన్నమామయ్యా. అప్పుడు నేను మన ఇంటిదాన్ని కాదా?"